కరువునకు పొలిమేర లేదు



తిరుపతి యనగానే మనకు శేషాచలమును, గోవిందనామస్మరణమును జ్ఞప్తికి వచ్చును. ఇది సహజమే. కాని యీ క్షేత్రపు నీడలో, దానిచుట్టును వ్యాపించిన చిత్తూరు సీమలో, క్రైస్తవ సంఘములు నూటయేబది యేండ్లకు పైబడి జీవించుచున్నవి. అవి మొదట వేరువేరుగా వచ్చినవి; పొలిమేరలు గీచికొని వేరువేరుగానే పనిచేసినవి; పిమ్మట కరువును, రోగమును, ఉప్పెనయు తరుముకొని రాగా క్రమముగా నొకదానిచేయి నొకటి పట్టుకొన్నవి. ఆ కథనే నేడు మీకు విన్నవింపదలచితిని. నేను బడిపంతులుగా బ్రదుకు గడిపినవాడను. ఆ మతమునకు చెందినవాడను గాను. అయినను ఈ విషయమును చేపట్టుటకు కారణ మొకటి కలదు.

2021వ సంవత్సరము నవంబరు 18, 19 తేదీలలో తిరుపతిపై కురిసిన వర్షము మీలో పెక్కురకు జ్ఞాపకముండును. కొండమీదినుండి నీరు మెట్లదారివెంట జలపాతమువలె దిగివచ్చినది. స్వర్ణముఖి పొంగినది. లోతట్టు వీథులలో ఇండ్లు నడుములోతు నీట నిలిచినవి. ఆ రాత్రి మా వీథిచివర నున్న యొక చిన్న ప్రార్థనామందిరపు తలుపులు తెరచి, నీట మునిగినవారి నెల్ల లోనికి పిలిచిరి. తెల్లవారునప్పటికి అచట నొక పొయ్యి వెలిగినది. ఆ పొయ్యిచుట్టు రెండు వేరు వేరు సంఘములకు చెందిన క్రైస్తవ యువకులును, మా భజనమందిరపు పిల్లలును చేరి ఉప్మా వండుచుండిరి. నా ప్రక్కన కూర్చున్న యొక ముసలి రైతు వారిని చాలసేపు చూచి, "అయ్యవారూ! వీళ్ళు ఆదివారం ఒకరి గుడికొకరు పోరు గదా! ఈ పొద్దు ఒకే పొయ్యికాడ ఎట్ల కలిసినారు?" అని యడిగెను. అప్పటికప్పుడు నాకు సమాధానము తోచలేదు. తరువాత నేను చదివినదియు, విచారించినదియు ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకే.

మొదట పొలిమేరల సంగతి చెప్పుదును.

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిలు 1వ తేదీని ఏర్పడినది. అంతకుముందు ఇందలి భాగములు ఉత్తరార్కాటునకును, కడపకును చెంది యుండెను. క్రైస్తవ మిషనులును ఈ సీమకు మూడు దిక్కులనుండి వచ్చినవి. లండను మిషనువారు 1822లోనే కడపలో పని ప్రారంభించిరి. అమెరికా దేశపు రిఫార్ముడు సంఘమునకు చెందిన స్కడ్డరు సోదరులు 1853లో ఆర్కాటు మిషనును స్థాపించిరి. ఆ మిషను పక్షమున జేకబ్ చేంబర్లేను 1863లో మదనపల్లెలో నివాస మేర్పరచుకొనెను. జర్మనీ దేశమందలి హెర్మన్స్‌బుర్గు పట్టణమునుండి లూథరను మిషనువారు 1865లో వచ్చిరి. వారి నాయకుడగు ఆగస్టు మిలియసు మొదట సూళ్ళూరుపేటలో దిగెను. వారి పని తరువాత తిరుపతి ప్రాంతమునకును వ్యాపించినది. ఇంగ్లీషువారొక సంఘము, అమెరికావారొక సంఘము, జర్మనులొక సంఘము: ఆరాధనావిధానము వేరు, పరిపాలన వేరు, ధనము వచ్చు దేశము వేరు.

ఇట్లు వచ్చినవారు తమలో తాము కలహింపకుండుటకై యొక యొప్పందము చేసికొనిరి. ఒక మిషను పనిచేయుచున్న తాలూకాలో రెండవ మిషను ప్రవేశింపరాదు. రైతులు పొలముగట్టున రాతిని పాతి, ఇది నీది, ఇది నాది యని పంచుకొన్నట్లే యిది. దీనిని సహకారమని యనవచ్చునా? నా యభిప్రాయమున అనరాదు. కలహింపకుండుట వేరు, కలిసి పనిచేయుట వేరు. గట్టునకిరుప్రక్కల నున్న యిద్దరు రైతులు పోట్లాడకపోవచ్చును. అంతమాత్రమున వారు ఒకే మడికి నీరు పెట్టిరని చెప్పుట కాదు. పైగా ఈ గట్లు గ్రామస్థులు వేసికొన్నవి కావు. దూరదేశములనుండి వచ్చినవారు వేసినవి. వీని ఫలితముగా ఒక యూరి క్రైస్తవునకు లూథరను పేరును, పది మైళ్ళ యవతలి యూర నున్న వాని మేనమామకు రిఫార్ముడు పేరును వచ్చినది. వీరిద్దరును ఐరోపాలోని ఆ మతవివాదము లెన్నడును విని యెరుగరు.

ఈ గట్లను మొట్టమొదట లెక్కచేయనిది కరువు.

1876లో వర్షములు తప్పినవి. అది ధాతునామ సంవత్సరము. అందువలననే మన పెద్దలు దానిని ధాతు కరువనిరి. మరుసటి ఈశ్వరనామ సంవత్సరమునను కరువు తీరలేదు. దక్షిణాపథమున ఆ కరువు వాత బడినవారు 50 లక్షలకు తక్కువ కారని చరిత్రకారుల యంచనా. ప్రభుత్వము కరువు పనులు పెట్టెను. కాని రిచర్డు టెంపులు అను నధికారి పొదుపు పేరిట కూలిని తగ్గించి, రోజంతయు మట్టి మోయు మనిషికి ఒక పౌను ధాన్యమును, దానిపై కొంచెము పైకమును చాలునని నిర్ణయించెను. పౌననగా నేటి కొలతలో సుమారు 450 గ్రాములు. మద్రాసు ఆరోగ్యాధికారియగు డాక్టరు కార్నిషు ఇది బ్రదుకుటకు చాలని కూలియని గట్టిగా వాదించెను. ఆ వాదము కొంతకాలమునకు నెగ్గినను, అంతలోపల పోయిన ప్రాణములు తిరిగి రాలేదు.

1877లో లండను నగరాధిపతి సహాయనిధి నొకదానిని తెరచెను. దానికి లక్షలకొలది పౌనుల ధనము చేరినది. ఆ ధనమును పంచుటకు మద్రాసు రాజధానిలో ఊరూర స్థానిక సంఘము లేర్పడినవి. వానిలో సర్కారు ఉద్యోగులును, పాదరీలును, ఊరి పెద్దలును కూర్చుండిరి. ఒకే బల్లకడ వేరు వేరు మతములవారు కూర్చుండి ఆకలి కొన్నవారి జాబితా వ్రాయుట ఈ సీమకు క్రొత్త. ఆ బల్లమీద మిషనుల పొలిమేరలకు చోటు లేకపోయెను. ఏ తాలూకాలో ఆకలి యెక్కువగా నున్నదో అచటికి ధాన్యము పోవలెను గాని, అది ఎవరి క్షేత్రమని విచారించినచో బండి కదలదు.

ఆ కరువునందే మరియొక సమస్య తలయెత్తినది. దానిని దాచి చెప్పుట చరిత్రకు ద్రోహము. అన్నము పెట్టు చేయియే బాప్తిస్మమిచ్చు చేయి యైనచో, పుచ్చుకొనువాని మనసు స్వతంత్రముగా నున్నదని యెట్లు నమ్ముట? కూటికొరకు మతము మార్చిరను నింద ఆనాడు పుట్టినది, నేటికిని వినవచ్చుచున్నది. ఈ ప్రశ్నకు సంబంధించి ఒంగోలునందు జరిగిన సంగతి ప్రసిద్ధము. అమెరికను బాప్టిస్టు మిషనుకు చెందిన జాన్ క్లౌ అను పాదరీ బకింగుహాము కాలువ పనిలో మూడు మైళ్ళకు పైగా త్రవ్వించు కంట్రాక్టును తాను పుచ్చుకొని, వేలకొలది బీదలకు కూలి యిప్పించెను. వారిలో పెక్కురు మాదిగలు. ఇతర పనిస్థలములలో మేస్త్రీల తిట్లును, కోతలును అనుభవించినవారు ఇచట నిండు కూలి పుచ్చుకొనిరి. ఆ కాలువయే నేటికిని తిరుపతి జిల్లాలోని పులికాటు సరస్సు ప్రక్కగా సాగుచున్నది.

కరువు సాగినంతకాలము తన్ను బాప్తిస్మము కోరివచ్చినవారిని క్లౌ త్రిప్పిపంపెను. ఏడాదికి పైగా ఎవ్వరికిని ఈయలేదు. అన్నమునకై వచ్చుచున్నారేమో యను సందేహము ఆయనకే కలిగినదన్నమాట. సహాయపు పని ముగిసిన పిమ్మట 1878 జూలై 3వ తేదీని ఒక్కనాడు 2,222 మందికి గుండ్లకమ్మ యేటిలో బాప్తిస్మము జరిగినది. దీనిని చూచి కొందరు ఇది యాకలి ఫలమే యందురు. కొందరు ఆకలి తీరిన తరువాతనే వచ్చిరి గావున ఇది హృదయపూర్వకమే యందురు. నాకు రెండు మాటలలోను కొంత సత్యము కనబడుచున్నది. కూలిస్థలమున తన్ను మనిషిగా చూచినవానియందు మాదిగకు విశ్వాసము కలుగుట ఆకలి మాత్రమే కాదు; అది గౌరవమునకై పడిన తపన. ఇక ఆపదలో నున్నవానిని మతము మాట యడుగరాదను నియమము క్లౌ కొరకు కాదు, నేటి మన కొరకును గుర్తుంచుకొనదగినది. ఏ మతమువారు సహాయము చేసినను ఇదే గీటురాయి.

కరువు తరువాత రోగము మిషనులను కలిపినది.

పూర్వము తెలుగిండ్లలో "వానిని మదనపల్లెకు తీసికొనిపోయిరి" అన్నచో, ఏ రోగమని మరల నడుగ నక్కర లేకుండెను. అది క్షయ. ఆ రోగమునకు కారణమగు సూక్ష్మజీవిని రాబర్టు కాఖు 1882లో కనిపెట్టినను, దానిని చంపు మందు మరి యరువదియేండ్లకు గాని దొరకలేదు. అంతవరకు వైద్యులకు తెలిసిన చికిత్స మూడే: మంచి గాలి, పూర్ణవిశ్రాంతి, పుష్టికరమైన యాహారము. ఈ మూడును లభించు చోటు ప్రతి మిషనును వేరుగా కట్టుకొనజాలదు. ఒక్కొక్క మిషను ఆసుపత్రికి వచ్చు క్షయరోగులు కొలదిమందియే. కాని వారిని ఇతర రోగులతో నుంచిన అందరికిని ముప్పు. కావున దక్షిణదేశమందలి పలు మిషనులు తమ ధనమును ఒకచోట చేర్చి మదనపల్లెకు సమీపమున నొక సమష్టి క్షయ చికిత్సాలయమును స్థాపింప నిశ్చయించినవి. సముద్రమట్టమునకు రెండువేల యడుగులకు పైబడిన ఎత్తు, పొడిగాలి, చుట్టును కొండలు: స్థలమునకు కావలసిన గుణము లన్నియు నచట గలవు. 1915లో ఆ యాలయము తెరువబడెను. దానికి ఆరోగ్యవరము అను పేరు వచ్చినది. ఎంత చక్కని తెలుగు పేరో చూడుడు!

దానిని నిలిపిన సంఘములు అమెరికా, బ్రిటను, డెన్మార్కు దేశములకు చెందినవి. మొదటి అధ్యక్షుడు డాక్టరు క్రిస్టియను ఫ్రిమోట్ మోల్లరు డెన్మార్కు దేశస్థుడు. ఆ తరువాత ఆ పీఠమును డాక్టరు పి.వి. బెంజమిన్ అను భారతీయుడు అధిష్ఠించి, పిమ్మట భారతప్రభుత్వమునకే క్షయనివారణ విషయమున సలహాదారయ్యెను. 1950నుండి మదనపల్లె పరిసర గ్రామములందు బి.సి.జి. టీకాపై దీర్ఘకాల పరిశీలనము జరిగినది. మన సీమపల్లెల రైతులు చేయి చాపి పొడిపించుకొన్న సూదిమందు లెక్కలు ప్రపంచ వైద్యగ్రంథములకెక్కినవి. 1943లో స్ట్రెప్టోమైసీను కనుగొనబడుటతో చికిత్స మారినది. మద్రాసులో జరిగిన యొక పరిశోధన 1959లో వెల్లడియైనది. సరియైన మందు తీసికొన్నచో ఇంటనే యుండి నయము చేసికొన్న రోగి, ఆసుపత్రిలో నున్న రోగికంటె వెనుకబడడని అది తేల్చినది. అంతటితో చికిత్సాలయముల యవసరము తగ్గినది. ఆరోగ్యవరము సామాన్య వైద్యశాలగా మారి జీవించినది. ఒక సంస్థ తన పని ముగిసినదని తెలిసికొని క్రొత్త పనికి దిగుట యనునది సులభము కాదు.

అదే 1915లో మద్రాసునందు పండ్రెండు మిషను సంఘములు కలిసి స్త్రీలకొక క్రైస్తవ కళాశాలను తెరచినవి. అదే యేట మదనపల్లెలోనే అనిబిసెంటు గారి దివ్యజ్ఞాన కళాశాల ప్రారంభమైనది. ఒక చిన్న తాలూకా పట్టణమునకు ఒక సంవత్సరములో ఒక ప్రక్క వైద్యమును, ఒక ప్రక్క విద్యయు వచ్చినవి. వేరు వేరు నమ్మకములవారు తెచ్చిరి, అనుభవించినవారు అందరును.

మొదటి ప్రపంచయుద్ధము ఈ సహకారమునకు కఠినమైన పరీక్ష పెట్టినది. జర్మనులు శత్రుదేశస్థులైరి గావున తిరుపతి ప్రాంతమందలి జర్మను పాదరీలు నిర్బంధింపబడిరి. వారి బడులు, ప్రార్థనాలయములు దిక్కులేనివయ్యెను. అప్పుడు అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు లూథరను సంఘమువారు ఆ భారమును తాల్చిరి. ఆ పరంపరయే నేడు తిరుపతి ప్రధానస్థానముగా గల దక్షిణాంధ్ర లూథరను సంఘము. దేశములు పోరాడుచుండగా ఒక దేశపు సంఘము వదలిన బడిని మరియొక దేశపు సంఘము నడపుట మిక్కిలి గమనింపదగినది.

ఇదే కాలమున తెలంగాణమునందలి మెదకులో మరియొక కరువు కథ జరిగినది. మెథడిస్టు పాదరీ చార్లెసు పాస్నెట్టు కరువుబాధితులకు ఊరక ధాన్యము పంచక, పని కల్పించి కూలి ఇచ్చుటకై గొప్ప దేవాలయము కట్టనారంభించెను. 1914లో ప్రారంభమైన ఆ కట్టడము 1924 డిసెంబరు 25వ తేదీని ప్రతిష్ఠింపబడినది. మన రాజులు కరువునాడు చెరువులు త్రవ్వించిన సంప్రదాయమే ఇది. చెరువునకు బదులు గుడి. నన్నడిగినచో చెరువైనచో ఇంకను మేలని యందును. కాని కూలి పుచ్చుకొన్నవాని కడుపునకు ఆ భేదము తెలియదు.

ఇంతవరకు కలిసి చేసినవి పనులు. సంఘములే కలియవలెనను కోరిక మన దేశీయులనుండి వచ్చినది. 1919 మేలో తరంగంబాడిలో ముప్పదిమూడుగురు సమావేశమైరి. వారిలో ఇద్దరు తప్ప తక్కినవారందరును భారతీయులు. వారి నాయకులలో దోర్నకల్లు బిషపు అజరయ్య ముఖ్యుడు. ఆయన తెలుగుపల్లెల మాలమాదిగల నడుమ పనిచేసిన తమిళుడు. ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషపు. పడమటిదేశపు పాతకలహములను మేము మోయనేల యని వారు ప్రశ్నించిరి. ఆ ప్రశ్నకు సమాధానము రావడానికి ఇరువదియెనిమిదేండ్లు పట్టినది. 1947 సెప్టెంబరు 27వ తేదీని మద్రాసులో దక్షిణ ఇండియా సంఘ మేర్పడినది. ఆంగ్లికనులు, మెథడిస్టులు, మదనపల్లె చిత్తూరు ప్రాంతముల రిఫార్ముడువారితో గూడిన సంయుక్త సంఘమువారు అందులో నొకటైరి. లూథరనులును, బాప్టిస్టులును వెలుపలనే యుండిరి. రోమను కథోలికుల సంగతి వేరు. కావున నేటికిని పూర్ణమైన ఐక్యము లేదు. మదనపల్లెలో నొక సంఘము, తిరుపతిలో మరియొక సంఘము. పాతగట్టు కొంత మిగిలియే యున్నది.

అయితే అదే 1947లో మరియొక సంస్థ పుట్టినది. దేశవిభజనముచే నిర్వాసితులై వచ్చిన లక్షలాది జనులకు సహాయము చేయుటకై ప్రొటెస్టంటు, ఆర్థడాక్సు సంఘములు ఏర్పరచినది అది. దానిని కాసా యందురు. కథోలికుల పక్షమున కారితాసు ఇండియా 1962లో వచ్చినది. సిద్ధాంతమున కలియనివారు కూడ సహాయమున కలియుటకు మార్గ మేర్పడినది.

ఆ మార్గమెంత యవసరమో 1977 నవంబరు 19వ తేదీని దివిసీమ చాటినది. ఆనాటి యుప్పెన సముద్రమును మైళ్ళకొలది పల్లెలమీదికి తెచ్చినది. ప్రభుత్వలెక్క ప్రకారమే సుమారు 10,000 మంది ప్రాణములు గోల్పోయిరి. నేనప్పుడు బడిలో చదువుకొను బాలుడను. మేము తిరుపతి వీథులలో సంచులు పట్టుకొని బియ్యము, పాతబట్టలు పోగుచేసితిమి. దేశమంతట నుండి సహాయము వచ్చినది. క్రైస్తవ సంఘములును వచ్చినవి. ఇట్టి సమయమున వచ్చు చిక్కు బయటివారికి తెలియదు. పదిసంఘములు వేరువేరుగా పోయినచో, బాటప్రక్క నున్న యింటికి మూడు దుప్పట్లు దొరకును. వాగు అవతలి యింటికి ఒక్కటియు దొరకదు. జాబితా యొకటియైనచో ఈ యన్యాయము తప్పును. సహకారమునకు ధర్మశాస్త్రము కంటె ఈ దుప్పటి లెక్కయే బలమైన కారణమని నా నమ్మకము.

దివిసీమ నేర్పిన రెండవ పాఠము, వచ్చిన తరువాత పెట్టు అన్నముకంటె రాకముందు కట్టు గోడ మేలని. కాసావారు తీరమున తుపాను రక్షణగృహములు కట్టించిరి. తుపాను లేనప్పుడు వానిలో బడులు నడచును. వచ్చినప్పుడు ఊరంతయు మేడ యెక్కును. తీరమున సరుగుడు తోటలు నాటబడినవి. కోరింగవంటి చోట్ల మడయడవి నిలిచియున్న తీరమునకు అలతాకిడి తగ్గునని అందరును తెలిసికొనిరి. ఇచట సహాయము ప్రకృతిరక్షణముగా మారినది. చెట్టు నాటుట యనునది సహాయములోని మొదటి భాగమే.

ఇది సముద్రతీరమునకే కాదు, మన మెట్టసీమకును వర్తించును. తేదీని గమనింపుడు. దివిసీమకు సరిగా నలువదినాలు గేండ్లకు, 2021 నవంబరు 19వ తేదీని, మన కొండలకావల చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు కట్ట తెగినది. పైన పింఛా కట్ట తెగి వచ్చిన నీటిని అది తాళలేకపోయెను. పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట గ్రామములు క్షణములో కొట్టుకొనిపోయినవి. మూడునాళ్ళలోనే తిరుపతికి సమీపమున నున్న రాయలచెరువు కట్టకు గండి పడునను భయముతో క్రింది గ్రామముల జనులను ఖాళీ చేయించిరి. కరువుసీమయని పేరుబడ్డ చోట నీటిచే ఈ నాశమేమి? వానలు తప్పిన యేళ్ళలో చెరువులను పూడనిచ్చితిమి. వాగులమీద ఇండ్లు కట్టితిమి. నదులలో ఇసుకను తోడితిమి. వాన వచ్చినప్పుడు దానికి నిలుచుటకు చోటు లేదు, పోవుటకు దారి లేదు. కరువును, వరదయు ఒకే తప్పునకు రెండు శిక్షలు.

ఈ సంగతిని లోకమంతటి క్రైస్తవ సంఘములును ఆలస్యముగా గ్రహించినవి. 1983లో వాంకూవరులో సమావేశమైన ప్రపంచ సంఘముల సభ న్యాయము, శాంతి, సృష్టిరక్షణ అను మూటిని ఒకే త్రాటికి కట్టినది. 1989లో ఆర్థడాక్సు మతాధిపతి దిమిత్రియోసు సెప్టెంబరు 1వ తేదీని సృష్టికొరకు ప్రార్థించు దినముగా ప్రకటించెను. 2015లో పోపు ఫ్రాన్సిసు ఈ విషయమునకే యొక గొప్ప లేఖను అంకితము చేసెను. దక్షిణ ఇండియా సంఘము జూన్ 5వ తేదీకి చేరువనున్న ఆదివారమును పర్యావరణపు ఆదివారముగా పాటించుచున్నది. అయినను ఒక నిజము చెప్పవలెను. జూన్‌లో నాటిన మొక్కకు ఏప్రిల్‌లో నీరు పోయువాడు లేనిచో, ఆ యాదివారము ఫోటోకు మాత్రమే పనికివచ్చును. ఇది చర్చికే కాదు, నేను పనిచేసిన బడులకును, మన గుళ్ళకును చెల్లును. ఏటేట వనమహోత్సవమున నేను నాటించిన మొక్కలలో నేడెన్ని నిలిచియున్నవో లెక్కింప నాకు ధైర్యము చాలదు.

ఇక యువకుల మాట. యువజన క్రైస్తవ సమాజము, అనగా వై.ఎం.సి.ఏ., 1844లో లండనులో పుట్టి 1890లో మద్రాసునకు వచ్చినది. విద్యార్థి క్రైస్తవోద్యమము మన దేశమున 1912లో ఏర్పడినది. 1964లో బాప్టిస్టు, లూథరను మొదలగు సంఘములు కలిసి రాజమహేంద్రవరమున నొక వేదాంత కళాశాలను స్థాపించి, పిమ్మట దానిని హైదరాబాదునకు మార్చినవి. వేరు వేరు సంఘములకు గురువులు కాబోవు యువకులు ఒకే వసతిగృహమున, ఒకే పంక్తిని భుజించి చదువుకొనిరి. పెద్దలు బల్లకడ కూర్చుండి తీర్మానించినదానికంటె, చిన్నవారు ఒక పంక్తిని తినినది ఎక్కువకాలము నిలుచును. ముప్పదియేండ్లు పిల్లలతో గడిపినవాని యనుభవమిది. వారిని నీ నమ్మకమేమని ఒకచోట చేర్చినచో విడిపోవుదురు. ఈ గుంటను త్రవ్వుడని ఒకచోట చేర్చినచో కలిసిపోవుదురు.

లోపములు లేవని నే ననను. క్రైస్తవ సంఘములలో కులభేదము పోలేదు. సంఘముల ఆస్తులపై వ్యాజ్యములు న్యాయస్థానములలో నలుగుచునే యున్నవి. ఉప్పెననాడు కలిసినవారు నీరు తీసిన మరునాడు ఎవరి గుడికి వారు పోవుటయు కద్దు. సహాయము చేయువారియందు అనుమానమును, పుచ్చుకొనువారియందు నామోషీయు నేటికిని సమసిపోలేదు. కాని కరువునాడు పొలిమేర గీచి కూర్చుండిన సంఘములు నూటయేబది యేండ్లలో ఒక పొయ్యి దాక వచ్చినవి. ఆ దూరము తక్కువది కాదు.

ఇప్పుడు ఆ ముసలి రైతు ప్రశ్నకు వత్తును. ఆ ఉదయము ఉప్మా పంచిన పిమ్మట నష్టపడిన ఇండ్ల జాబితా వ్రాయవలసి వచ్చెను. నా చేవ్రాలు గుండ్రముగా నుండునని ఆ పని నాకు అప్పగించిరి. ఇంటిపేరు, తలుపు సంఖ్య, మనుష్యులెందరు, ఏమి కావలెను అని నాలుగు గళ్ళు గీచితిని. ఒక యువకుడు, "అయ్యవారూ, సంఘం పేరు రాయడానికి ఇంకో గడి గీయండి, మా పెద్దలు అడుగుతారు" అనెను. రెండవ సంఘమునకు చెందిన పిల్లవాడు వెంటనే, "వద్దులే అన్నా! గడి పెడితే కొందరు రారు" అనెను. మొదటివాడు కొంచె మాలోచించి సరే యనెను. జాబితాలో నూటపదునాలుగిండ్లు చేరినవి. అందులో ఎవరు ఏ గుడికి పోవుదురో నాకు తెలియదు, తెలిసినవారిని మరచితిని.

రైతుతో అప్పుడు చెప్పలేని మాటను ఇప్పుడు చెప్పుచున్నాను. వారు కలిసినది ఒకరి నమ్మకము నొకరు పుచ్చుకొని కాదు. జాబితాలో ఆ యొక్క గడిని గీయకుండుటకు ఇద్దరును సమ్మతించి కలిసిరి. క్లౌ పాదరీ కరువునాడు తన చేతిని తానే ఆపుకొన్నదియు, ఆరోగ్యవరమున పలు మిషనులు ఒకే పెట్టెలో ధనము వేసినదియు ఇట్టి సమ్మతియే. రాబోవు వరదకు, రాబోవు కరువునకు మనము సిద్ధము చేసికొనవలసినది మొదట ఆ నాలుగు గళ్ళ కాగితము. దానితోపాటు చెరువుకట్టపై రెండు గంపల మన్నును, వేసవిలో మొక్కకొక చెంబెడు నీరును.

శ్రోతలారా! మీ యూరి చెరువుకట్టమీదికి ఈ ఆదివారము సాయంకాలము ఒకసారి పోయి చూచి రండు. గుడికి పోయి వచ్చినవారును, చర్చికి పోయి వచ్చినవారును కలిసియే పోవచ్చును. సెలవు.